చైనా గడప

ఆరో తరగతిలో బడికి దండం పెట్టినవాణ్ని, నలభై దాటాక సౌదీలో యూనివర్సిటీకి వెళ్లాను. చేతిలో టీ ట్రేతో. ఏ క్లాసులోకైనా పరీక్ష రాయకుండా పోగలిగేది టీ మోసే మేమే.

ఆ ఏడు చైనా భాష చదివే కుర్రాళ్లకు వాళ్ల పాతకాలపు నాటకం నేర్పడానికి ఒక చైనా మాస్టారు వచ్చాడు. పుస్తకం తెరవడు. ఆడితేనే వస్తుందని కుర్చీలన్నీ గోడకు నెట్టించాడు. నెట్టింది నేనే అనుకోండి. ఆ నాటకంలో తలుపు ఉండదు. నటుడే గాలిలో గడియ తీసి, రెండు రెక్కలూ తోసి, లేని గడప మీదుగా కాలెత్తి లోపలికి రావాలి.

కుర్రాళ్లు గడియ భేషుగ్గా తీసేవాళ్లు. గడప మాత్రం మరిచిపోయి, మాల్‌లోకి పోయినట్టు నడిచిపోయేవాళ్లు. పాపం, ఎదురుగా నిలబడితే తమంతట తామే తెరుచుకునే తలుపుల మధ్య పెరిగిన బిడ్డలు. మాస్టారు తల పట్టుకుని, గడప ఉన్నచోట సుద్దతో గీత గీశాడు.

అప్పుడే టీ పట్టుకుని వెళ్లాను. గీత దగ్గర నా కాలు దానంతటదే లేచి దాటింది. గడప తొక్కినందుకు మా అమ్మ అట్లకాడతో వేసిన దెబ్బలు ఊరికే పోతాయా?

"షూఫ్! షూఫ్!" చూడండి చూడండి అంటూ మాస్టారు తనకొచ్చిన ఒకే ఒక్క అరబీ ముక్కతో గంతులేశాడు. నెలాఖరు ప్రదర్శనలో టీ తెచ్చే నౌకరు వేషం నాకే అన్నాడు. నౌకరుకు నౌకరు వేషం! అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బడి మెట్లు దిగినవాడు యూనివర్సిటీ స్టేజీ ఎక్కడమంటే మాటలా?

మా సూపర్‌వైజర్ హైదరాబాదు మనిషి. మనవాడు కాబట్టి మనల్ని నాలుగు ఎక్కువ తిట్టే హక్కుందని నమ్మేవాడు.

"ఏందిరా, హీరో అయితవా? నీ ఇఖామా కార్డు మీద ఏమున్నది?" ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, చేసే పని కూడా దాని మీదే రాసి ఉంటుంది.

"కూలోడని ఉండాది సార్."

"యాక్టరని ఉన్నదా? స్టేజీ మీద కనవడ్డవంటే మల్ల నువ్వు ముందు పని జేసిన ఉనైజా ఖర్జూరం తోటలకే పంపిస్త."

"వేషం గూడా కూలోనిదే గదా సార్. కార్డుకు సరిగ్గా సరిపోతాది."

"నోరు మూసుకొని చాయ్ పొయ్యి."

పోశాను.

ప్రదర్శన రోజు నా వేషం కట్టిన కుర్రాడు, స్టేజీ మీదా సుద్దతో గీసి ఉన్న గడప నడిమధ్యన కాలేసి వచ్చాడు. తెర పక్కన నిలబడి పళ్లు నూరుకున్నాను. నాటకం అయ్యాక కాలేజీ పెద్దాయనను స్టేజీ మీదికి పిలిచి కుర్చీ వేశారు. సూపర్‌వైజర్ నా దగ్గరికి ఉరికొచ్చాడు.

"పెద్దసారుకు చాయ్ తీస్కపోరా, జల్ది!"

"స్టేజీ మీదికా సార్?"

"మరేడికిరా, మీ ఊరికా?"

ట్రే ఎడమ చేతిలోకి మార్చుకున్నాను. గీత దగ్గర ఆగి గడియ తీశాను. ఒక రెక్క తోశాను. రెండోదీ తోశాను. కాలెత్తి దాటాక, వెనక్కి తిరిగి తలుపు వేశాను కూడా. ఏసీ చల్లదనం పోకూడదు కదా! హాలు ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత చప్పట్లతో మోగిపోయింది. మాస్టారు లేచి నిలబడ్డాడు.

నేను చక్కెర మరిచానని సూపర్‌వైజరే డబ్బా పట్టుకుని పరుగున వచ్చాడు. నేను మూసిన తలుపులోంచి నేరుగా దూసుకొచ్చేశాడు.

"బాబ్! బాబ్!" తలుపు, తలుపు అని కుర్రాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు.

పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వుతూ, వెనక్కి వెళ్లి తలుపు తెరుచుకుని రమ్మని ఆయనకు సైగ చేశాడు. చంకలో చక్కెర డబ్బాతో సూపర్‌వైజర్ గాలిలో గడియ వెతుక్కోసాగాడు.

"ఇంకొంచెం కింద సార్," అని అందించాను.

కార్డు మీద యాక్టరని లేనివాళ్లం ఆ పూటకు ఇద్దరమయ్యాం.