పలక మీద రెండు కొక్కులు

1948 వానకాలం. పోలీస్ యాక్షన్ అయి ఇంకా నెల కూడా కాలేదు. కొల్లాపూర్ దగ్గర ఓ చిన్న దవాఖానలో నేను కాంపౌండర్‌ని. డాక్టర్ గారు పట్నం పోయి, దారులు బాగలేక తిరిగి రాలేదు. మందులు కలిపేది, రోగిని చూసేది అంతా నేనే.

ఒకనాడు మధ్యాహ్నం పక్క ఊరోళ్లు బండి తోలుకొచ్చిండ్రు. బండిల ఎల్లమ్మ, ఆమె పెనిమిటి, ఏడేండ్ల బిడ్డ. ముగ్గురికీ ఆగని వాంతులు. బండి వెనక దూదేకుల ఖాసింను చేతులు కట్టి నడిపించుకొస్తున్నరు.

"బాయిల విషం కలిపిండు. పొద్దుగాల ఆడనే కనబడ్డడు," అన్నడు ఊరి పటేల్. రజాకార్ల మీది కోపం ప్రతి ముసల్మాను మీదికి మళ్లిన ఆ రోజుల్లో మనిషి ప్రాణం పోవడానికి గా ఒక్క మాట చాలు.

ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాపిస్తూ అడిగిన: "అక్కా, పొద్దుగాల ఏం తిన్నరు?"

"పుట్టకొక్కుల కూర సారూ. అడవి అంచున ఏరుకొచ్చిన. ఏటేటా తినేటియే. గంపల ఇంకా సగమున్నయి."

గంపను, ఆ బాయి నీళ్ల కడవను తెప్పించిన. కొక్కులన్నీ, అంటే పుట్టగొడుగులన్నీ, చూపుకు ఒక్క తీరే, గోరంత గొడుగు, తెల్లటి కాడ. దగ్గర పెట్టి చూస్తే తేడా తెలిసింది. కొన్నింటి గొడుగు నడుమ చిన్న మొన, కాడ నున్నగ. కొన్నింటికి మొన లేదు, కాడకు సన్నటి ఉంగరం.

కంటిచూపు చాలదనుకుని స్పోర్ ప్రింట్ పెట్టిన. గొడుగు కింది మడతల్లోంచి రాలే పొడి అచ్చు అది, మా డాక్టర్ గారు నేర్పింది. ఒక్కో తీరుది ఒక్కటి, రెండు గొడుగులు పలక మీద బోర్లించి గిలాసలు మూసిన.

"పొద్దుగూకేదాక ఖాసిం మీద చెయ్యి పడొద్దు పటేలా."

"వానికి నువ్వు అడ్డమొస్తవా?"

"రోగమెందుకొచ్చిందో తేలేదాక వస్త."

వాళ్ల ముందరే బాయి నీళ్లు గిలాసెడు తాగిన. "ఇండ్ల విషముంటే పొద్దుగూకేలోపల నాకూ వాంతులు కావాలె," అన్న.

పొద్దుగూకే వేళకు గిలాసలు తీసిన. మొన ఉన్నదాని కింద లేత గులాబి పొడి. ఉంగరం ఉన్నదాని కింద సున్నం లెక్క తెల్లటి పొడి.

"గులాబిది మన పుట్టకొక్కు. తెల్లది దాని పోలికతోటి మొలిచే విషపు జాతి. ఎల్లమ్మ గంపల రెండూ కలిసినయి. బాయి నీళ్లు తాగిన నాకేం కాలేదు, చూస్తున్నరు గద."

పటేల్ పలకను దగ్గరికి తీసుకొని చూసిండు. లేచి తనే ఖాసిం చేతుల తాడు విప్పిండు.

ఖాసిం మణికట్లు రుద్దుకుంట మొదలు అడిగింది ఒక్కటే: "సారూ, పిల్ల ఎట్లున్నది?"

పిల్ల అప్పటికే నీళ్లు నిలుపుకొని నిద్రపోయింది. మూడోనాటికి ముగ్గురూ తేరుకున్నరు.

తర్వాత ఎన్నో ఏండ్లు దవాఖానలల్ల పనిచేసిన. ఆనాడు నేర్చుకున్నదే ఎక్కువ అక్కరకొచ్చింది: రోగికి మందు ఆలస్యం కావద్దు, మనిషి మీద నింద మాత్రం ఎంత ఆలస్యమైతే అంత మంచిది.