గమ్హరియా గేటు ముందు పూలమడులు

లేబర్ లైసెన్సు చేతికొచ్చిన రోజున మా వదిన దాన్ని లామినేషన్ చేయించి, నర్సరీ షెడ్డులో ఎరువు బస్తాల పైన మేకు కొట్టి తగిలించింది. దుకాణానికి వచ్చినవాళ్లు ముందు దాన్నే చూడాలని ఆవిడ పట్టుదల. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్లు ఎరువు బస్తాల వైపు తల ఎత్తరని నేను చెప్పినా వినలేదు.

మా అన్నయ్య భార్య ఆవిడ. వాళ్లది టెక్కలి. పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చిన దగ్గర్నుంచి క్వార్టర్ ముందున్న కాస్త జాగాలో ఏదో ఒకటి పూయిస్తూనే ఉంది. నేను కాసిడీహ్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. కరోనా సమయంలో ఆ బడి మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చున్న నాతో ఆవిడే అంది, "ఒలే, నువ్వు సదివింది మొక్కల సదువే కదా, ఇద్దరం కలిసి ఏదైనా సేద్దాం." అలా సోనారిలో అద్దెకు తీసుకున్న ఖాళీ స్థలంలో నర్సరీ మొదలైంది. మొదట్లో ఇళ్ల ముందు తోటలు వేసేవాళ్లం. ఫ్యాక్టరీ పనులు పట్టాలంటే కూలీలతో గేటు లోపలికి వెళ్లాలి, దానికి లైసెన్సు కావాలి. అందుకే ఆ కాగితం కోసం అన్నిసార్లు ఆఫీసుకు తిరిగాం.

మొదటి పని నది అవతల ఫ్యాక్టరీలుండే గమ్హరియాలో వచ్చింది. లారీలకు విడిభాగాలు చేసే ఒక మోస్తరు ఫ్యాక్టరీ. అప్పటికే చలి మొదలైంది. మేనేజరు మమ్మల్ని గేటు ముందు బోడిగా ఉన్న నేల దగ్గరికి తీసుకెళ్లి, కొత్త సంవత్సరానికి పుణె నుంచి కస్టమర్లు వస్తున్నారనీ, ఇక్కడంతా పచ్చటి లాన్ కావాలనీ అన్నాడు.

"ఈ చలిలో గడ్డి పాదుకోదు సార్," అన్నాను హిందీలో. "ఇప్పుడు తెచ్చి పరిస్తే కొన్నాళ్లు పచ్చగా కనిపిస్తుంది. తర్వాత గోనెపట్టా రంగుకి తిరుగుతుంది."

"మరి వచ్చినవాళ్లకు ఏం చూపించను?"

"పూలు చూపిద్దాం. చలంటే ఇష్టపడే పూలు చాలా ఉన్నాయి. గడ్డి వానల్లో వేద్దాం."

ఆయన నేలనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఠీక్ హై. పూలు పూయకపోతే మాత్రం జవాబు మీరే చెప్పుకోవాలి," అన్నాడు.

గునపం దింపాక తెలిసింది, అది మట్టి కాదు. ఎప్పుడో ఉక్కు కొలిమి నుంచి వచ్చిన స్లాగ్, అదే రాయిలా గట్టిపడే చిట్టెం, తెచ్చి గొయ్యి పూడ్చారు. దెబ్బ వేస్తే గునపం ఎగిరి పడేది. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లు చేతులు చూసుకుని నా వైపు చూసేవాళ్లు. మడుల మేరకు ఆ స్లాగ్ తవ్వి తీసి, నది వైపు నుంచి మట్టి తెప్పించి, పేడ ఎరువు కలిపి నింపాం. అందులో బంతి, డాలియా, పిటూనియా నారు నాటాం. చలి ముదిరేకొద్దీ మొక్కలు బలిశాయి. డిసెంబరు చివరికి డాలియాలు మొగ్గ తొడిగాయి. వదిన ఆ మొగ్గల్ని వేలితో తాకి చూసి మరీ ఇంటికి వచ్చేది.

అతిథులు రావడానికి రెండు రోజుల ముందు, తెల్లవారుతుండగా ఫ్యాక్టరీ గార్డు ఫోన్ చేశాడు. లారీ మడుల మీదకి ఎక్కేసిందని చెప్పాడు. వదినను స్కూటీ వెనకాల ఎక్కించుకుని బయల్దేరాను. ఖర్కాయి నది వంతెన మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు బండి ఎర్ర లైటు తప్ప ఏమీ కనపడలేదు. 

మూడు మడుల్లో రెండు నలిగిపోయాయి. డాలియాలు మొదలంటా విరిగి టైరు గుర్తుల్లో పడి ఉన్నాయి. లారీ డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని దూరంగా నిలబడ్డాడు. వదిన మట్టిలో కూర్చుని ఒక మొగ్గ చేతిలోకి తీసుకుంది. అతనికి అర్థం కాదనుకుని తెలుగులోనే అంది, "కళ్లు ఎక్కడెట్టుకున్నావురా నాయినా. పిల్లల్ని పెంచినట్టు పెంచినాం. ఇప్పుడేటి సేత్తాం?"

అతను తలెత్తాడు. "నాను సూణ్ణేదప్పా. ఎనక్కి తీత్తంటే మంచుకి అద్దంలో ఏటీ అవుపడనేదు."

అక్కను అప్పా అనడం వదిన వాళ్ల వైపు మాట. ఆవిడ చేతిలోని మొగ్గ కింద పెట్టింది. "నీదేవూరు?" అంది.

"ఇచ్చాపురం దగ్గిరప్పా."

ఆవిడ కోపం అక్కడే సగం చల్లారింది. అప్పటికే మేనేజరు వచ్చాడు. ట్రాన్స్‌పోర్టు వాళ్లకు చెప్పి ఇతన్ని పనిలోంచి తీయిస్తానని గట్టిగా అంటున్నాడు. డ్రైవరు తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను అడ్డుపడ్డాను.

"సార్, ఇక్కడ దారి ఎక్కడిదాకో తెలిసేలా ఒక్క రాయి కూడా లేదు. ఈ మంచులో ఎవరైనా ఇదే చేసేవారు. మాకు ఈ రెండు రోజులు వదిలేయండి."

ఆయన వాచీ చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు. దాన్నే ఒప్పుకోలు అనుకున్నాం.

"లోడు సాయంత్రం దాకా అవదు," అన్నాడు డ్రైవరు. "ఏటి సెయ్యాలో సెప్పండప్పా, సేత్తాను."

అతను పనిలో చెయ్యి పెట్టగానే, లోడు కోసం కాచుకున్న మిగతా డ్రైవర్లు కూడా టీ గ్లాసులు పక్కన పెట్టి వచ్చారు. బీహారు వాళ్లు, ఒడిశా వాళ్లు. వదిన తెలుగూ హిందీ కలిపి పనులు పురమాయిస్తుంటే అందరికీ ఎలాగో అర్థమైంది. బతికే మొక్కల్ని లేపి పుల్లలు కట్టారు. నేను సోనారి వెళ్లి, అమ్మకానికి ఉంచిన పూల కుండీలన్నీ ఆటోలో వేసుకొచ్చాను. మేం తవ్వి పారేసిన వాటిలో పలకల్లా ఉన్న స్లాగ్ ముక్కల్ని డ్రైవర్లే ఏరి మడుల చుట్టూ పాతి సున్నం కొట్టారు.

అతిథులు వచ్చిన రోజు ఒక మూల ఖాళీగానే ఉంది. డాలియాలు ఏ నాలుగో మిగిలాయి. అయినా బంతులు నిండుగా పూశాయి. వచ్చినవాళ్లలో ఒకావిడ ఆగి ఫోటో తీసుకుంది. మేనేజరు ఆ ఖాళీ మూల గురించి మాత్రమే అడిగాడు. లారీ మాట ఎత్తలేదు.

తర్వాత నేను గమనించిన సంగతేమిటంటే, ఆ డ్రైవర్లకు కూర్చునే చోటే లేదు. రోజంతా చక్రాల నీడలో, చలిలో, దుమ్ములో కాచుకుంటారు. నాలుగు బెంచీలు, కొన్ని కానుగ మొక్కలు వేస్తే లారీలు కూడా ఒక పక్కనే ఆగుతాయని మేనేజరుకు చెప్పాను. "డ్రైవర్లకు పార్కా?" అని నవ్వాడు. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు.

వానలు పడ్డాక గడ్డి వేశాం. స్లాగ్ పైకి తేలిన ఒక మూల ఎంత చేసినా పట్టలేదు. అక్కడ గులకరాళ్లు పరిచాం. మిగతాదంతా పచ్చగా అల్లుకుంది. మేం వెళ్లని రోజుల్లో బెంచీల దగ్గరున్న పైపుతో డ్రైవర్లే నీళ్లు పెడుతున్నారని గార్డు చెప్పాడు. కానుగలు ఇప్పుడు నా భుజం దాకా వచ్చాయి. నీడ రావడానికి ఇంకా టైము పడుతుంది.

మళ్లీ చలి మొదలయ్యాక, ఇచ్చాపురం డ్రైవరు పోయిన ట్రిప్పులో తన పెరట్లోంచి చామంతి పిలకలు తడి గోనెలో చుట్టి తెచ్చాడు. "ఈ సలికి పూత్తాయో నేదో అప్పా," అంటూ ఇచ్చాడు. "పూయక ఏటి సేత్తాయి," అని వదిన అప్పటికప్పుడే పార అందుకుంది. అవి బతికాయి. మొన్న పక్క ఫ్యాక్టరీ వాళ్లు కూడా వచ్చి తమ గేటు ముందు నేల చూడమన్నారు. సోమవారం వెళ్తున్నాం. గునపాలు ముందుగానే సాన పట్టించాను.