యాభై పేజీల తర్వాత

ఈ మధ్య మూడు పుస్తకాలు చదివాను. అందులో ఒకటి నేను చదవకుండా ఉండాల్సింది. సరిగ్గా చెప్పాలంటే ఆ పుస్తకం చదవడం తప్పు కాదు, దాని లోపల అతికించినవి చదవడం తప్పు. అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. మా అమ్మాయి ఇప్పటికీ నన్ను మమ్మీ అనే పిలుస్తోంది, పెట్టింది తింటోంది, స్కూలుకి వెళ్తోంది. పైనుంచి చూసేవాళ్ళకి మా ఇంట్లో ఏమీ జరగలేదనే అనిపిస్తుంది.

మొదటి పుస్తకం మా ఆడవాళ్ళ ప్రార్థన గుంపు చదవమన్నది. అమెరికాలో, పార్సిప్పనీ, ఎడిసన్ ఊళ్ళ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలం ఓ ఇరవై దాకా ఉంటాం. నెలకో శనివారం మధ్యాహ్నం ఒకరింట్లో, మగవాళ్ళూ పిల్లలతో సహా అందరం, కూడిక. పాటలు, బైబిలు వాక్యం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు, ఒకరి కోసం ఒకరు ప్రార్థన, ఆ తర్వాత అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ. ఆ పుస్తకం రాసినావిడ అమెరికన్, ఆరుగురు పిల్లల తల్లి. తెల్లారకముందే లేచి, ఒక్కో బిడ్డ కోసం విడివిడిగా ప్రార్థన చేసి, అప్పుడు రొట్టెపిండి పిసుకుతుందట. నాకున్నది ఒక్కత్తే, తొమ్మిదో క్లాసు. ఆ ఒక్కదాన్ని బస్సెక్కించేసరికే నా ప్రాణం సగం పోతుంది. చదివినంతసేపూ ఆవిడ మీద ఒళ్ళు మండింది. గుంపులో నా వంతు వచ్చినప్పుడు మాత్రం "చాలా ఆశీర్వాదకరంగా ఉంది సిస్టర్" అన్నాను. ఆ అబద్ధం అప్పుడు నాకు అబద్ధంలా కూడా అనిపించలేదు.

పిల్లలు చదివే ప్రతి పుస్తకమూ ముందు తల్లి చదవాలని అందులో ఒక అధ్యాయమంతా ఉంది. ఆ పని మేం ఎప్పట్నుంచో చేస్తున్నాం. పిల్లలు లైబ్రరీ నుంచి తెచ్చినవి ముందు మేం తిరగేసి, 'ఇవ్వొచ్చు', 'వద్దు' అని వాట్సాప్‌లో పెట్టుకుంటాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు పట్టినందుకే నాకు జీతమిస్తారు, ఇంటికొచ్చీ అదే పని. కానీ ఆఫీసు, డ్రైవింగ్, వంట అయ్యాక నాలుగొందల పేజీలు చదివే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని యాభై పేజీలు చదివేదాన్ని. ఆ యాభైలో బూతులూ దయ్యాలూ ముద్దులూ లేకపోతే పుస్తకం పాసైపోయినట్టే. ఈ లెక్క మా అమ్మాయికీ తెలుసు. "మమ్మీ, ఫిఫ్టీ అయ్యాయా?" అని అడిగి, నా చేతిలోంచి తీసుకుపోయేది.

మార్చిలో అది ఒక నవల తెచ్చుకుంది. నాకు ఆఫీసులో రిలీజ్ పని ఊపిరాడనివ్వడం లేదు. "నువ్వు చదివేసెయ్, తర్వాత చూస్తాలే" అన్నాను. ఒక శనివారం పొద్దున అది స్నేహితురాలింటికి వెళ్ళినప్పుడు గుర్తొచ్చి తీశాను. ఒక చిన్న ఊళ్ళో, చర్చి క్వయర్‌లో పాడే అమ్మాయి కథ. ఆ అమ్మాయికి దేవుడున్నాడన్న నమ్మకం మెల్లగా పోతుంది. ఎవరికీ చెప్పలేక, ఆదివారాలు పాడుతున్నట్టు పెదవులు మాత్రం కదుపుతూ ఉంటుంది. యాభయ్యో పేజీ దగ్గర ఆపాలి. ఆపలేదు. తప్పులు పట్టడానికి కాదు, ఆ పిల్ల ఏమవుతుందోనని చదువుతూ పోయాను. నేనొక పుస్తకాన్ని అలా చదివి చాలా ఏళ్ళయింది.

డెబ్బయ్యో పేజీ దాటాక మొదటి పసుపు చీటీ కనిపించింది. పుస్తకాల్లో గుర్తుకి అతికించే చిన్న కాగితాలు, మా అమ్మాయి దస్తూరి, పెన్సిలు. ఇంగ్లీషులో 'నేనూ ఇంతే' అని ఉంది. ఇంకో పది పేజీల తర్వాత, 'ప్రార్థన చేసేటప్పుడు నాకేమీ అనిపించదు. కళ్ళు మూసుకుని వంద లెక్కపెడతాను.' నవల వదిలేసి చీటీలు వెతుక్కుంటూ పోయాను. పదకొండున్నాయి. వాటిలో ఒకటి నాకు నోటికొచ్చేసింది. 'మమ్మీ ఎంత గట్టిగా ప్రార్థన చేస్తుందో. తనకి నిజంగా ఏదో అనిపిస్తుంది. లోపం నాలోనే ఉంది.'

చీటీలన్నీ డెబ్బయ్యో పేజీ తర్వాతే ఎందుకున్నాయో ఆ క్షణంలో నాకు తట్టలేదు. నేనెక్కడ ఆగిపోతానో దానికి తెలుసు. నేను రాననుకున్న చోట అది నిశ్చింతగా మాట్లాడుకుంది.

పుస్తకం మూసి, దాని బల్లమీద పెట్టేసి, రాత్రి అది వచ్చాక పక్కన కూర్చుని "ఏంట్రా, ఏమైంది" అని అడగాల్సింది. అడగలేదు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను, మొహం కడుక్కున్నాను, ఫోన్ తీశాను. 'సిస్టర్స్, ఒక విన్నపం. మా అమ్మాయి ప్రార్థనలో నటిస్తోంది, పెదవులే తప్ప మనసు లేదు. భారంతో ప్రార్థించండి' అని గుంపులో పెట్టాను. భయమేసిన మాట నిజమే. కానీ ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. మా గుంపులో విన్నపాలన్నీ వీసాలూ, గ్రీన్ కార్డులూ, ఉద్యోగాలూ. బిడ్డ ఆత్మ కోసం విన్నపం పెట్టిన తల్లిని నేనేనని, ఏడుస్తూ ఏడుస్తూనే, లోపలెక్కడో కాస్త గొప్పగా అనిపించింది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటిని లెక్కపెట్టుకున్నాను కూడా.

ఆ నెల కూడిక ఎడిసన్‌లో మా గుంపుకి పెద్దదిక్కైన ఆంటీ గారింట్లో. పిల్లలంతా ఆవిణ్ణి గ్రాండ్‌మా అంటారు. మంచి మనిషి, మా అమ్మాయికి మొదటి పాట నేర్పింది ఆవిడే. ప్రార్థన అయిపోవస్తుండగా ఆవిడ లేచి వచ్చి, మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి, కళ్ళనీళ్ళతో గట్టిగా అంది: "ప్రభువా, ఈ బిడ్డ నటన మానేలాగ చెయ్యి తండ్రీ! పెదవులతో కాదు, మనసుతో నిన్ను పిలిచేలాగ మార్చు తండ్రీ!" చుట్టూ నలభైమంది "ఆమెన్" అన్నారు.

మా అమ్మాయి కళ్ళు తెరిచింది. గదిలో కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళం మేమిద్దరమే. అది నన్ను చూసింది, నేను కళ్ళు మూసేసుకున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన డ్రైవ్ చేస్తున్నారు, నేను ముందు సీట్లో, అది వెనక. ఇంకో పది నిమిషాల్లో ఇల్లనగా నెమ్మదిగా అడిగింది.

"మమ్మీ, నువ్వు ఫిఫ్టీ పేజెస్సే చదువుతావ్ కదా?"

అరిచినా బాగుండేది. మా ఆయన నావైపు చూశారు, ఆయనకేమీ తెలియదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో గొడవేమీ జరగలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. లైబ్రరీ పుస్తకం తెచ్చిన ప్రతిసారీ అదే వచ్చి నా ముందు పెట్టేది. "నోట్స్ ఏం లేవు మమ్మీ, చెక్ చేసుకో" అనేది. వెటకారంగా కాదు, ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగు తెరిచి చూపించినట్టు. నేను తెరిచేదాన్ని కాదు. తెరవకపోయినా ఒరిగిందేమీ లేదు, దాని నోరు మూతపడిపోయింది.

మూడో పుస్తకం అప్పుడు నా చేతికొచ్చింది. గుంపులో ఒకావిడ గుంటూరు నుంచి వస్తూ తెచ్చిన సన్నటి తెలుగు పుస్తకం. ఒక మిషన్ ఆసుపత్రిలో నలభై ఏళ్ళు నర్సుగా చేసినావిడ తన సంగతులు రాసుకుంది. అచ్చుతప్పులు బోలెడు, అట్ట మీద బొమ్మ అయితే మరీ అన్యాయం. లంచ్‌టైమ్‌లో కార్‌లో కూర్చుని చదివేదాన్ని. ఒకచోట ఆవిడ ఏమంటుందంటే, తన వార్డులో వరసగా పసిబిడ్డలు పోయిన ఏడాది తనకి ప్రార్థన ఎండిపోయిందట. అయినా రోగుల మంచాల పక్కన నిలబడి ప్రార్థన చేయాలి, అది ఉద్యోగంలో భాగం. లోపలేమీ లేదని ఎవరికీ తెలియకూడదని గొంతు పెంచేదట.

ఆ పేజీ దగ్గర పుస్తకం స్టీరింగ్ మీద బోర్లించేశాను. ఎందుకంటే అది నా సంగతి. మూడేళ్ళ క్రితం, ఐదో నెలలో, నాకు కడుపులో బిడ్డ పోయింది. గుంపంతా ఇంటికొచ్చారు, వండిపెట్టారు, మోకరించారు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు నేను సీలింగ్ వైపు చూశాను. అక్కడ సీలింగే ఉంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు ప్రార్థనలో ఏమీ అనిపించదు. ఆ రోజు నుంచే నేను గట్టిగా ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. ఆ గట్టిదనం విని, నా కూతురు తనలో లోపముందనుకుంది. నా దగ్గరున్నదే దానికీ ఉందని తెలిసి, దానికున్నది మాత్రం నలభైమందికి పంచిపెట్టాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ దాన్ని లైబ్రరీకి తీసుకెళ్ళాను. పార్కింగ్‌లో కారాపి, దిగనివ్వకుండా, ఇదంతా చెప్పాను. బిడ్డ సంగతి దానికి తెలుసు. సీలింగ్ సంగతి తెలియదు. చీటీలు చదవడం తప్పని చెప్పాను, గుంపులో పెట్టడం ఇంకా తప్పని చెప్పాను. చాలాసేపు వింది.

"సో, నీకు కూడా ఏం అనిపించదా?"

"లేదు రా."

"త్రీ ఇయర్స్ నుంచా?"

"అవును."

అది సీటుబెల్టు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "మరి నాది ఎందుకు చెప్పావ్ మమ్మీ? నీదే చెప్పాల్సింది కదా?"

"చెప్తాను. వచ్చే శనివారం మనింట్లోనే కదా కూడిక. అందరి ముందూ చెప్తాను, నీది చెప్పినందుకు తప్పయిందని, నాది ఇదీ అని. ప్రామిస్" అన్నాను. చాన్నాళ్ళకి అది నావైపు సరిగ్గా చూసింది. లైబ్రరీలో నా పక్కనే నడిచింది.

శనివారం వచ్చింది. మామూలుగా పిల్లలంతా లోపలి గదిలో దూరి తలుపేసుకుంటారు. మా అమ్మాయి వెళ్ళలేదు. వంటగది గట్టు దగ్గర పేపర్ ప్లేట్లు సర్దుతూ నిలబడింది. సర్దినవే మళ్ళీ సర్దుతోంది. సాక్ష్యాల సమయంలో నేను లేచాను.

"నేనొక తప్పు ఒప్పుకోవాలి. నా కూతురు తన కోసం రాసుకున్నది దొంగతనంగా చదివాను. తనని అడక్కుండా మీ అందరికీ చెప్పాను. దాన్ని ప్రార్థన విన్నపమన్నాను. కానీ అది చాడీ. నా బిడ్డ నన్ను నమ్మడం మానేసింది" అన్నాను.

అప్పుడు పెద్ద ఆంటీ ఏడుస్తూ లేచి వచ్చి నన్ను కావలించుకుంది. "నాదీ తప్పేనమ్మా, నేనూ ఆలోచించలేదు" అంది. ఎవరో "ఎంత తగ్గింపు మనసు సిస్టర్ మీది!" అన్నారు. ఇంకొకరు "ఇలాంటి తల్లులు కావాలండీ" అన్నారు. ఒకాయన స్తోత్రమన్నాడు, అందరూ అందుకున్నారు. నేను చెప్పాల్సింది ఇంకా ఉంది. రెండో సగం నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాటలు వెచ్చగా ఉన్నాయి, ఆ చేతులు నా భుజాల మీద ఉన్నాయి. ఇప్పుడు నా లోపల ఏమీ లేదంటే ఈ చేతులు తీసేస్తారేమో అనిపించింది. పైగా ఎవరో ముగింపు ప్రార్థన నన్నే చేయమన్నారు.

చేశాను. గట్టిగానే చేశాను.

అందరూ వెళ్ళాక మా ఆయన కుర్చీలు మడతపెట్టి కిందికి తీసుకెళ్తున్నారు. నేను ట్రేలు కడుగుతున్నాను. మా అమ్మాయి నా పక్కన నిలబడి గట్టు తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తూ, నావైపు చూడకుండా అంది.

"మమ్మీ, నీ పార్ట్ చెప్పలేదు."

నేను నీళ్ళు ఆపాను. ఏదో ఒకటి చెప్దామని నోరు తెరిచాను. అది గుడ్డ పిండి ఆరేసి, నా చేతి మీద చిన్నగా తట్టింది, కూడికలో పెద్దవాళ్ళు తట్టినట్టే.

"ఇట్స్ ఓకే. నీది నేను ఎవరికీ చెప్పను."