ఎదుటివారి మాట ముందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ రెండేసి పేర్లుండేవి. బడిలో హాజరు పిలిచేటప్పుడు నేను ఒక హిందూ దేవత పేరుకు పలికేదాన్ని. ఆదివారం చర్చిలో బైబిల్లోని ఒక స్త్రీ పేరుకు పలికేదాన్ని. మా నాన్నకూ అంతే, అమ్మకూ అంతే. ఇందులో వింత ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు. పండగ బట్టలు వేరు, రోజూ కట్టుకునే బట్టలు వేరు ఉంటాయి కదా, పేర్లూ అలాగే అనుకునేదాన్ని.

తొంభైల్లో మేం తార్నాకను ఆనుకుని ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో, ఉద్యోగుల క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న లైబ్రరీలో పనిచేసేవాడు. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. ఆయన చిన్నతనంలోనే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. కానీ ఉద్యోగం కోసం తీసుకున్న కుల ధ్రువపత్రంలో మతం దగ్గర హిందువు అనే ఉంది. కారణం చట్టమే. మా కులంలో పుట్టినవాడు హిందువునని రాస్తే ఎస్సీ కింద లెక్క, క్రైస్తవుణ్ణని రాస్తే కాదు. ఉండే వాడ అదే, వాడను చూసే కళ్ళూ అవే, కాగితం మీద మాత్రం వేరే మనిషి. అందుకని మా చర్చిలో సగానికి సగం మంది కాగితాల మీద హిందువులుగానే ఉండేవారు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

అన్నవాడు ఒక్కడే. మేం అతన్ని అంబర్‌పేట్ అన్న అని పిలిచేవాళ్ళం. కరీంనగర్ వైపు నుంచి వచ్చి మా క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతున్నాడు. అంబర్‌పేట్‌లో చిన్న గది తీసుకుని, చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, సైకిల్ మీద వచ్చేవాడు. చర్చిలో యువకుల కూటం అతనే నడిపేవాడు. తన కాగితాల్లో అతను క్రైస్తవుడనే రాయించుకున్నాడు. ఆ సంవత్సరం చర్చి కమిటీకి కొత్త పెద్దల్ని ఎన్నుకోవాల్సి వచ్చినప్పుడు ఎవరో మా నాన్న పేరు ప్రతిపాదించారు. అంబర్‌పేట్ అన్న పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆదివారం సంఘ సమావేశంలో లేచి ఒక మాట అడుగుతానని చెప్పాడట. దేవుణ్ణి కాగితం మీద కాదన్నవాడు సంఘానికి పెద్ద ఎట్లా అవుతాడని.

ఈ మాట మా ఇంటికి చేరిన రోజు అమ్మ వంటింట్లో కూలబడిపోయింది. ఆమె భయం పదవి గురించి కాదు. సమావేశానికి ఊరంతా వస్తుంది. అక్కడ ఈ మాట ఒకసారి పైకి వస్తే, ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాయడానికి గిట్టనివాడు ఒక్కడు చాలు. ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఇల్లూ పోతుంది. నాన్న మాత్రం కలిపిన అన్నం కలిపినట్టే ఉంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఎప్పటికైనా రాక తప్పదనుకున్నది వచ్చిందన్నట్టుగా ఉన్నాడు.

పాస్టరుగారు ఎటూ తోచక టీచరమ్మకు చెప్పారు. టీచరమ్మ మా చర్చిలో పెద్దావిడ. కర్నూలు వైపు మనిషి. బళ్ళో తెలుగు చెప్పి రిటైరై, తార్నాకలో ఒక సందులో ఒంటరిగా ఉండేది. శనివారం సాయంత్రాలు ఆమె ఇంటి ముందుగదిలో కొందరు చేరి వాక్యం చదివి మాట్లాడుకునేవారు. మరే కూటంలోనూ నోరెత్తడానికి వీల్లేని ప్రశ్నలు అక్కడ అడగవచ్చు. రక్షణ పొందకుండా చనిపోయిన మన తాతల గతి ఏమిటి, ఆడవాళ్ళు ప్రసంగం ఎందుకు చేయకూడదు, ఓటు ఎవరికి వేస్తే మంచిది, ఇలాంటివి. ఒకటే షరతు. ఎదుటివారి మాట కాదనేముందు ఆ మాటను వారి తరఫున నువ్వే చెప్పాలి. నేనన్నది అదే అని వారు ఒప్పుకున్నాకే నీ మాట. ఒప్పుకోకపోతే మళ్ళీ చెప్పాలి.

ఆ షరతు ఆమెకు ఏ పుస్తకంలోనో దొరికింది కాదు. ఆమె భర్త, ఆయన అన్నగారు బాప్తిస్మం అంటే నీళ్ళు చిలకరించడమా, నీళ్ళలో ముంచడమా అన్నదాని మీద మాటా మాటా అనుకుని, ఒకే ఊళ్ళో ఉంటూ చనిపోయేదాకా పలకరించుకోలేదట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె నవ్వేది, కానీ ఎక్కువసేపు నవ్వేది కాదు.

ఆ శనివారం మిగతావాళ్ళను రావద్దని, మా నాన్ననూ అంబర్‌పేట్ అన్ననూ మాత్రమే పిలిచింది. అమ్మ ఇంట్లో ఉండలేక నాన్నతో బయలుదేరింది, నన్నూ వెంట తీసుకెళ్ళింది. నాకప్పుడు పదకొండేళ్ళు. మేం వెళ్ళేసరికి అన్న చాప మీద కూర్చుని ఉన్నాడు. నాన్నను చూసి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ వందనాలు చెప్పుకున్నారు. రెండు గొంతులూ పొడిగా ఉన్నాయి.

టీచరమ్మ చిన్న ప్రార్థన చేసి మా నాన్న వైపు తిరిగింది. "మాట నీ మీద వచ్చింది గాబట్టి నువ్వే మొదలుపెట్టల్ల నాయనా. ఈ అబ్బి ఏమంటాండాడో నువ్వు చెప్పు" అంది.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. దెబ్బ తిన్నవాడినే ఆ దెబ్బ ఎలా ఉందో వర్ణించమన్నట్టు అనిపించింది. నాన్న నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"తమ్మి ఏమంటున్నడంటే, ప్రభువు మన కోసం నలుగుర్ల నిలబడ్డడు, సిగ్గుపడలె. మనం జీతం కోసం ఆయన పేరు దాస్తున్నం. ఒక్కసారి రాసి ఊకుండేది గాదిది. పిల్లను బళ్ళె ఏసినప్పుడు మళ్ళ రాయాలె. రేపు దాని పిల్లలకు రాయాలె. అబద్ధం ఇంటిపేరు లెక్క అయితది."

నాన్న అంతటితో ఆపలేదు. "ఇంకోటి ఉన్నది. మనం ఇట్ల దాక్కుంటే సర్కారు ఏమనుకుంటది? వాడలల్ల క్రైస్తవులే లేరు, ఉన్నా వాళ్ళకేం కష్టం లేదు అనుకుంటది. అందరం నిజం రాసి రోడ్డు మీద కూసుంటే చట్టం ఎప్పుడో మారుతుండె. తమ్మి అసుంటోళ్ళు నష్టపోయేది చట్టంతోటే గాదు, నా అసుంటోళ్ళతోటి కూడ."

అంబర్‌పేట్ అన్న ముఖం మారిపోయింది. "ఈ ఆఖరి మాట నేను ఎవ్వరితోని అనలేదన్నా. మనసుల అనుకున్న, అంతే" అన్నాడు.

"నౌకరి వచ్చిన కాన్నుంచి నేను కూడ అనుకుంటనే ఉన్న" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఆమె కూడా మొదటిసారే వింటోంది.

ఇప్పుడు అన్న వంతు. మా నాన్నకు పిల్లలున్నారు, ఊళ్ళో భూమి లేదు, భయపడి రాశాడు అని చెప్పాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. "గది గాదు." దేవుడు మనసు చూస్తాడు గాని కాగితం చూడడని మా నాన్న ఉద్దేశం అని రెండోసారి చెప్పాడు. "గదీ గాదు తమ్మీ." టీచరమ్మ కలగజేసుకోలేదు. అన్న చేతివేళ్ళు విరుచుకున్నాడు. చివరికి అడిగాడు. "అయితే నాకు తెల్వదన్నా. మీరు ఎందుకు రాసిన్రు?"

అంతవరకూ ఆ ప్రశ్న మా నాన్నను ఎవరూ అడగలేదని ఆయన చెప్పిన తీరు చూస్తే తెలిసింది. జవాబు ఎప్పటినుంచో నోట్లోనే ఉన్నట్టు ఆగకుండా వచ్చింది.

"మా ఊరి హోటల్ల మా వాడోళ్ళ గ్లాసులు బయట చూరుకింద పెడుతుండ్రి. తాగి, కడిగి, మళ్ళ ఆడ్నే పెట్టాలె. బాప్తిస్మం అయిన తెల్లారి మా నాయిన నన్ను చాయ్ తాపిస్తనని తోల్కపోయిండు. నాకు కొత్త అంగీ, కొత్త పేరు. గ్లాసు మటుకు గదే. దేవుడు మారిండు తమ్మీ, గ్లాసు మారలె. కాగితం మీద వాళ్ళు అడిగింది నా దేవుని సంగతి అనుకోలె నేను. ఆ గ్లాసు సంగతి అడుగుతున్నరనుకున్న. గ్లాసు నిజమే గదా. నేను రాసింది సగం నిజం, సగం అబద్ధం. ఏ సగానికి జవాబు చెప్పుకోవాల్నో నాకు ఇప్పటికీ తెల్వదు."

బయట సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. అంబర్‌పేట్ అన్న తన బైబిలు తెరిచాడు. "ఆదివారం కోసం నేను వాక్యాలు వెతికిన. మీ దిక్కు మాట్లాడే కథ ఒకటి కనబడ్డది. కావాల్నని పక్కకు పెట్టిన" అన్నాడు.

అది నయమాను కథ. కుష్ఠు పట్టిన సిరియా సేనాధిపతి నదిలో ఏడుసార్లు మునిగి బాగుపడటం వరకూ మాకందరికీ తెలుసు. ప్రసంగాలన్నీ అక్కడితోనే అయిపోయేవి. ఆ తర్వాతి సంగతి అన్న చెప్పాడు. ఇకమీద నీ దేవుణ్ణే కొలుస్తానని నయమాను ప్రవక్తకు మాట ఇచ్చి, ఒక్క విషయంలో క్షమాపణ కోరుకున్నాడు. మా రాజు తన దేవుడి గుడికి వెళ్ళినప్పుడు నా చెయ్యి ఆనుకుని వంగుతాడు, అప్పుడు నేనూ వంగక తప్పదు, ఆ ఒక్కదాన్ని మన్నించమన్నాడు. ప్రవక్త అతన్ని కొలువు మానెయ్యమనలేదు. నిమ్మళంగా వెళ్ళమన్నాడు.

"వంగేటోనికి వంగుతున్నని తెల్సు. దేవునికీ తెల్సు. వంగుడు వెనుక ఒక బరువైన చెయ్యి ఉన్నది. మీరు చెప్పేది ఇదేనా అన్నా?"

నాన్న తడికళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు. "గిదే" అన్నాడు.

అప్పుడు ఎవరూ అడగమనకుండానే అమ్మ నోరు తెరిచింది. తన ఇంటిని కూలదోస్తాడని రెండు రోజులుగా ఆమె తిట్టుకుంటున్న మనిషితో ఆమె గొంతు అంత మెత్తగా ఉంటుందనుకోలేదు. "నిజం రాసి నువ్వేం పోగొట్టుకున్నవు బిడ్డా?"

అతను తల వంచుకున్నాడు. వాళ్ళ చెల్లెలు నర్సు కావాలనుకుందట. అన్నకు క్రైస్తవుడని ధ్రువపత్రం ఇచ్చాక ఆమెకూ అలాగే రాసిచ్చారు. ఎస్సీ కింద లెక్క లేక సీటు రాలేదు. "ఇప్పుడు ఇంట్ల బీడీలు చేస్తున్నది. నేను పోతే నాతోని మాట్లాడది. నా నిజానికి అది పైసలు కడుతున్నది" అన్నాడు. అమ్మ లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది.

టీచరమ్మ ఇక మీ మీ మాటలు చెప్పుకోండి అంది. జరిగింది మాత్రం ఆమె కూడా ఊహించనిది. తమ్మి చెప్పింది సరైనదే, పెద్దగా నిలబడేవాడు వెలుగులో ఉండాలి, నేను కమిటీలో ఉండను అన్నాడు నాన్న. అన్న ఒప్పుకోలేదు. "వద్దన్నా, నువ్వు ఉండాలె. మన చర్చిల సగం మంది కథ నీ కథనే. మరి వాళ్ళకు పెద్ద ఎవరు?" అన్నాడు. నేను ఉండనంటే ఉండనని ఒకరు, ఉండాల్సిందేనని ఒకరు, ఇద్దరూ గొంతులు పెంచారు. ఒకరి వాదన ఒకరు ఎత్తుకుని పోట్లాడుకుంటున్నారని నాకే అర్థమైంది. టీచరమ్మ నవ్వి నవ్వి, "ఇద్దురూ మళ్ళీ మొదటికొచ్చినారు గదప్పా! చాయ్ తాగి కొట్లాడుకుందురు గానీ" అని వంటింట్లోకి వెళ్ళింది.

ఆదివారం నాన్న తన పేరు వెనక్కి తీసుకున్నాడు. కారణం చెప్పలేదు. అంబర్‌పేట్ అన్న లేచాడు గాని, ఎవరినీ వేలెత్తి చూపలేదు. చట్టం మారాలని జరగబోయే ధర్నాకు సంఘం తరఫున మనుషుల్ని పంపాలని అడిగాడు. చర్చిలోకి రాజకీయాలేమిటని కొందరు పెద్దలు గట్టిగా అడ్డుపడ్డారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటేదాకా అది తేలలేదు, చివరికి ఇష్టమైనవాళ్ళు వెళ్ళవచ్చన్నారు. ఉద్యోగస్తుడు గనక నాన్న ధర్నాకు వెళ్ళలేడు. అమ్మ చెప్పులు వేసుకుంది. "నాకేమన్న నౌకరి ఉన్నదా, నాకేం భయం?" అని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఎండలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆమె నినాదాలిచ్చింది. అందరికంటే ఒక మాట వెనక ఇచ్చేది. అయినా ఆపలేదు.

చట్టం మారలేదు. నాన్న ఆ కాగితంతోనే రిటైరయ్యాడు. అది సరైన పని అని అన్న ఎప్పుడూ అనలేదు, నాన్న అతన్ని అననివ్వనూ లేదు. చదువయ్యేదాకా ఆదివారాలు అతను మా ఇంట్లోనే అన్నం తిన్నాడు, తింటూ వాదించాడు.

నేను ఇప్పుడు ఆనాటి మా నాన్న వయసు దాటాను. మాటల్లో ఎవరి మీదైనా కోపం వచ్చినప్పుడు ముందు వారి మాటను నా నోటితో చెప్పి చూసుకుంటాను. చాలాసార్లు చెప్పలేకపోతాను. అప్పుడు ఊరుకుంటాను, లేదంటే ఎందుకు అలా అనుకుంటున్నారో అడుగుతాను. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఇదే. దీనితో నేను గెలిచిన వాదనలు పెద్దగా లేవు.

మొన్న కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి బ్యాగు కింద పెట్టకుండానే అడిగింది, తాతయ్య అంటే సరే, నువ్వు కూడా మన దేవుణ్ణి కాగితం మీద ఎందుకు దాచావమ్మా అని. నిలబడే అడిగింది. నేను ముందు తన మాట తనకు చెప్పాను. కాదమ్మా అంది. ఇంకోసారి చెప్పాను. అవును, అదే, అంది. వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పుడు నా మాట మొదలుపెట్టాను. ఇంకా పూర్తి కాలేదు.