దూస బుచ్చయ్య పార్టీలో చేరిన వైనం

దూస బుచ్చయ్యకు ఒకే ఒక్క అలవాటు ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయన ఓడిపోయే పార్టీలో చేరతాడు.

గెలిచే పార్టీలో చేరేవాళ్లు సిరిసిల్లలో గల్లీకి పదిమంది ఉన్నారు. వాళ్లను నాయకులంటారు. బుచ్చయ్య మాత్రం అరవై ఆరేళ్ల వయసులో, గడిచిన అయిదు ఎన్నికల్లో ఒక్కసారి కూడా గురి తప్పకుండా ఓడే కండువానే మెడలో వేసుకున్నాడు. జగిత్యాలలో గెలిచిన గంట గుర్తు కోరుట్లలో డిపాజిట్టు కోసం వెతుక్కునే రోజుల్లో, సిరిసిల్లలో నిచ్చెన, గొడుగు నువ్వా నేనా అని పెనుగులాడే రోజుల్లో, ఇది మామూలు విద్య కాదు. టీవీ సర్వేలవాళ్లు వచ్చి వందమందిని అడిగి వెళ్లేవారు. ఊరివాళ్లు బుచ్చయ్య మెడ ఒక్కటి చూసి పడుకునేవారు.

ఆ విద్యకు మూలం ఆయన సాంచాల్లో ఉంది. బుచ్చయ్యకు ఎనిమిది కరెంటు మగ్గాలు. ఎన్నికలొస్తే వాటిమీద అన్ని పార్టీల కండువా గుడ్డా నేస్తాడు. ఏ పార్టీవాళ్లు తానుల కోసం పొద్దునా సాయంత్రం వచ్చి ప్రాణం తీస్తారో ఆ పార్టీ గెలుస్తుంది. ఎవరి తానులు మూలన పడి ఉంటాయో, ఎవరు ఫోనెత్తరో, ఆ పార్టీ పని అయిపోయినట్టే. అప్పుడు బుచ్చయ్య స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, చేరడానికి బయలుదేరతాడు.

కిందటిసారి ఎల్లంతకుంట సభలో గంట గుర్తు అభ్యర్థి జనార్దన్ ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా బుచ్చయ్య మెట్లెక్కుతూ కనిపించాడు. జనార్దన్ మైకు పక్కకు పెట్టి చేతులు జోడించాడు.

"కాకా, నీకు పుణ్యముంటది. కిందికి దిగు."

"ఒక్క కండువా ఏస్తే దిగుత."

మైకు పక్కకు పెట్టాడు గాని ఆపలేదు. ఆ మాటలు మూడు ఊళ్లకు వినిపించాయి. జనార్దన్ పదకొండు వేల ఓట్లతో ఓడిపోయాడు.

ఈసారి గొడుగు గుర్తు మీద రజిత నిలబడింది. తంగళ్ళపల్లిలో పదహారేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన సర్కారు టీచరు. పోటీ చేయాలంటే నౌకరీకి రాజీనామా ఇవ్వాలి. ఇచ్చింది. గెలిస్తే అసెంబ్లీకి పోతుంది. ఓడితే వెనక్కి పోవడానికి బడి లేదు. ఎదుట నిచ్చెన గుర్తు మీద రెండుసార్లు గెలిచిన సుధాకర్ రావు. గాలి ఎటుందో ఎవరికీ అంతు చిక్కడం లేదు. అందుకని రజిత తన మనుషులకు ఇచ్చిన మొదటి ఆదేశం ఓట్ల గురించి కాదు. బుచ్చయ్యను ఆఫీసు గడప తొక్కనివ్వొద్దని.

ప్రచారం ముగియడానికి మూడు రోజుల ముందు, పొద్దున తొమ్మిదింటికి, తెల్లచొక్కాతో బుచ్చయ్య ప్రత్యక్షమయ్యాడు. ఎన్నికల పనులు చూసే మధుకర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కాకా, ఈడ చేరికలు బందైనయ్."

"బోర్డేమన్న పెట్టిండ్రా?"

"పెడ్తం."

"పెట్టేదాంక కూసుంట."

మధుకర్ గొంతు తగ్గించాడు. "నిచ్చెనోళ్లల్ల చేరరాదు? ఆటో నేనే మాట్లాడ్త."

"వాళ్లు గెలుస్తరు గద బిడ్డా. గెలిచేటోళ్లతోని నాకేం పని?"

ఆఫీసులో ఉన్న ఎనభైమంది మాటలు ఆపేశారు. లోపలి గదిలోంచి రజిత బయటికి వచ్చింది.

"కాకా, నౌకరి ఇడిసిపెట్టి నిలబడ్డ. నా నోట్ల మన్ను కొట్టకు."

"మన్నెందుకు కొడ్త. కండువా ఎయ్యి, పోత."

రజిత వేయలేదు. బుచ్చయ్య నొచ్చుకోలేదు. సంచిలోంచి తను నేసిన గొడుగు కండువా తీసి, తనే మెడలో వేసుకుని, తనకు తానే చప్పట్లు కొట్టుకుని, అందరికీ దండం పెట్టి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికల్లా గంభీరావుపేటలో నిచ్చెనవాళ్లు లడ్డూలు పంచారు. సాయంత్రం రజిత వెంట నడవడానికి ఎనభైమందిలో ముప్ఫై ఒక్కమంది మిగిలారు. లెక్కల టీచరు కాబట్టి ఆమెకు ఆ సంఖ్య సరిగ్గా తెలుసు.

ఓట్ల లెక్కింపు నాడు రజిత భర్త సాగరూ, మధుకరూ లెక్కింపు హాలుకు పోయారు. రజిత ఇంటి ముందు రెండు వందల కుర్చీలు వేశారు. పొద్దున అవి చాలలేదు. పదో రౌండుకు రజిత రెండు వేల ఎనిమిది వందల అరవై ఓట్లు వెనకబడింది. ఒకాయనకు బావికాడ మోటరు కాలిపోయింది. ఇంకొకాయన ఇంటికి వియ్యంకుడు వచ్చాడు. మరొకాయన ఏ కారణమూ చెప్పకుండా, చెప్పులు కూడా మరిచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి రెండు వందల కుర్చీల్లో రజిత ఒక్కతే కూర్చుని ఉంది.

అప్పుడు బుచ్చయ్య వచ్చాడు. మెడలో గొడుగు కండువా, చేతిలో అన్నం డబ్బా.

"మా ఇంటామె బాలలక్ష్మి పప్పుచారు చేసింది. పొద్దటిసంది ఏం తినలేదు గద నువ్వు."

రజితకు అప్పటిదాకా రాని కోపం వచ్చింది. "నిన్నెవరు చేరమన్నరు కాకా? నీకు నేనేం పాపం చేసిన?"

బుచ్చయ్య పక్క కుర్చీ లాక్కున్నాడు.

"ఇరవై ఏండ్ల కింద నేను వార్డుకు నిలబడ్డ బిడ్డా. నూరు కుర్చీలేసిన. ఓడంగనే నేను, మా బాలలక్ష్మి మిగిలినం. కుర్చీలు మేమే మడతపెట్టినం. నూరు కుర్చీలు మడతపెట్టుడంటే మాటలు గాదు."

"గైతే?"

"ఓడినోళ్ల ఇంటికి ఒట్టిగ పోరాదు. నవ్వెతందుకు అచ్చిండనుకుంటరు. పార్టీ మనిషినైతే ఎందుకచ్చినవని అడుగరు. గందుకే ముందుగాల చేరుత."

 రజిత డబ్బా మూత తీసింది. రెండు ముద్దలు లోపలికి పోయాక బుచ్చయ్య, వృత్తి ధర్మంగా, అడిగాడు.

"అవునుగని, నేను చేరకముందు పది రోజులు మీరు తానులు తీసుకపోలె. మనుషులు ఎన్నటిసంది తగ్గిండ్రు?"

"తగ్గలె కాకా, నువ్వు అచ్చేదాంక. ఇచ్చిన కండువాలు పొద్దుమీకి జమ చేసి, లెక్కవెట్టి, ఉతికి, మల్ల తెల్లారి ఇచ్చినం. కొత్తయి ఎందుకని."

బుచ్చయ్య ముఖం పాలిపోయింది. ఎన్నికల చరిత్రలో కండువాలు ఉతికించిన అభ్యర్థిని ఆయన చూడలేదు.

"గట్లయితే నువ్వు గెలుస్తవేమో బిడ్డా," అన్నాడు భయంభయంగా.

పద్నాలుగో రౌండు నుంచి తంగళ్ళపల్లి ఓట్లు తెరుచుకున్నాయి. ఆమె దగ్గర మొదట్లో ఎక్కాలు నేర్చుకున్నవాళ్లంతా ఇప్పుడు ఓటర్లు. మధుకర్ ఫోను మీద ఫోను చేశాడు. పన్నెండు వందలు వెనక. మూడు వందలు వెనక. ప్రతి ఫోనుకూ బుచ్చయ్య కుర్చీ అంచుకు జరిగాడు. నాలుగున్నరకు రజిత రెండు వందల పద్నాలుగు ఓట్లతో గెలిచింది.

అయిదు నిమిషాల్లో వీధి నిండింది. కాలిన మోటరు బాగైంది. వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని ఒకాయన వచ్చాడు. ఆ తొక్కిసలాటలో రజిత మెడలో దండల మధ్య నుంచి చూసేసరికి, బుచ్చయ్య తన కండువా నాలుగు మడతలు పెట్టి ఆమె చేతికి అందిస్తున్నాడు.

"నా రాజీనామా రాసుకో బిడ్డా."

"గిప్పుడేంది కాకా? ఉండు, మిఠాయి తిను."

"ఆల్చమైతాంది. సుధాకర్ రావు సారు ఇంట్ల ఎవలుంటరు పాపం. నేనింక చేరనన్న చేరలె."

ఇంతలో జనం అడ్డం వచ్చారు. బుచ్చయ్య కనిపించలేదు.

పొద్దు వాలుతుండగా ఊరేగింపు సుధాకర్ రావు ఇంటి సందు మొదటికి వచ్చింది. డప్పులు అదిరిపోతున్నాయి. ఆ ఇంటి వాకిట్లోనూ కుర్చీలు వందల్లో ఉన్నాయి. వాటి మధ్య సుధాకర్ రావు ఒళ్లో పళ్లెం పెట్టుకుని తలవంచుకుని తింటున్నాడు. బుచ్చయ్య గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చాడు. మెడలో నిచ్చెన కండువా, ఇస్త్రీ మడతలు కూడా పోనిది. రజిత ఎక్కిన ఓపెన్ టాప్ జీపు ముందు నిలబడి చెయ్యెత్తాడు. ఆమెను ఎన్నడూ చూడనట్టే చూశాడు.

"మేడం, మా సారు అన్నం తింటున్నడు. పార్టీ తరఫున చెప్తున్న, డప్పులు గీ సందు దాటినంక కొట్టుకోండ్రి."

మధుకర్ ఏదో అనబోయాడు. రజిత అతని భుజం నొక్కి, డప్పులవాళ్ల వైపు తిరిగి వేలు పెదాల మీద పెట్టింది. పదహారేళ్లు బడిని ఊరుకోబెట్టిన వేలు అది. ఐదారు వందల మంది చప్పుడు లేకుండా, చెప్పులు కూడా మెల్లగా వేస్తూ ఆ సందు దాటారు. ఎమ్మెల్యేగా రజిత తీసుకున్న మొట్టమొదటి నిర్ణయం ప్రతిపక్షం సలహా మేరకు జరిగింది.