డప్పుతోలుకు రెండు శ్రావణాలు

జడ్చర్లలో నేను కిరాయికి ఉంటున్న ఇంటి డాబా మీద, బూడిద నీళ్ల బకెట్‌లో మూడు రోజులుగా మేక తోలు నానుతోంది. మూత తీస్తే తడి వెంట్రుకల వాసన, ఉప్పు వాసన, కాస్త కుళ్లు వాసన కలిసి గుప్పుమంటాయి. మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగిన మా ఓనరమ్మ మొదటిసారి ముక్కు మూసుకుని, "మా ఇంట్ల గంజి వాసన, నీ తాన తోలు వాసన. పనంటే గట్లనే ఉంటది తీ" అంటూ మెట్లు దిగిపోయింది. పగలంతా మందుల కంపెనీలో మాస్కు కట్టుకుని పనిచేసే నాకు ఈ వాసన తగిలితే మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆకలేస్తుంది. ఎందుకో చెప్పాలంటే అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న మా ఊరికి వెళ్లాలి.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నాకు పదేళ్లు. మా తాత, అంటే బాపు వాళ్ల నాయిన, ఊళ్లో డప్పు కొట్టేవాళ్లందరికీ పెద్ద. ఆ ఎండాకాలం ఆయన డప్పు తోలు నడిమధ్యలో చీలింది. మిగతావాళ్లు అప్పటికే పట్నం నుంచి ప్లాస్టిక్ డప్పులు తెచ్చుకున్నారు. అవి వానకు మెత్తబడవు, మంట దగ్గర కాచే పని లేదు. తాతకు ఒకటి ఇస్తే రెండు దెబ్బలు కొట్టి, "ఇది ఒర్రుతది గని మాట్లాడది" అని పక్కన పెట్టేశాడు. నాకేమో డప్పు నేర్చుకోవాలని ఒకటే తహతహ. ఎంత వెంటపడ్డా ఆయనది ఒకటే మాట: "మంచి తోలు దొరకనియ్యి బిడ్డా, నేర్పుత. గా ప్లాస్టిక్ మీద మాత్రం నేర్ప."

మేకలున్న ఊళ్లో తోలుకు కరువేమిటి అనిపించవచ్చు. కానీ మా వైపు మేకను కోస్తే తోలు వొలవరు. గడ్డిమంట మీద కాల్చి, వెంట్రుకలు గీకి, పసుపు రాసి, తోలుతోనే ముక్కలు కొట్టి వండితేనే అది కూర. తోలు అడగడమంటే విస్తరిలోంచి మంచి ముక్క లాక్కోవడమే. పైగా అడవికి తోలిన మేకల ఒంటినిండా రేగుముళ్ల గీతలు, పిడుదుల మచ్చలు. మచ్చ ఉన్నచోటే తోలు ముందుగా చిట్లుతుంది. అందుకని ఆ సెలవులంతా మొర్రిపండ్లూ తునికిపండ్లూ జేబునిండా నింపుకుని, నోరంతా వగరు చేసుకుంటూ, కనబడిన ప్రతి మేక పొట్టా వీపూ తడుముతూ మందల వెంట తిరిగాను. మేకల కాపరులు నన్ను చూసి డాక్టరమ్మ వచ్చిందని నవ్వేవాళ్లు.

చివరికి దొరికింది మా వాడలోనే. వరసకు నాకు పెద్దమ్మయ్యే బాలమ్మ, పోచమ్మకు మొక్కుకున్న మేకపోతు అది. మొక్కుపోతును ముళ్లలోకి తోలరు; దొడ్లో కట్టేసి, ఆకు కోసి పెట్టి, అల్లుడిలా మేపుతారు. తాత వచ్చి దాని పక్కటెముకల మీద తోలును రెండు వేళ్లతో పట్టి చూసి, "ఇదే" అన్నాడు. "తోలు నీకే మామా, ఫికర్ చెయ్యకు" అంది బాలమ్మ పెద్దమ్మ.

శ్రావణంలో బోనాల రోజు తాత డప్పులవాళ్ల పెద్దగా ఊరేగింపులో ఉండాలి గనుక కాపలా పని నాకు పడింది. "కత్తి పడంగనే చెప్పు. తోలు తియ్యాలె, కాల్చొద్దని" అని మూడుసార్లు చెప్పించుకున్నాడు. పసుపు కుండలు, వేపమండలు, అగరొత్తుల పొగ దాటుకుని వచ్చి పోతు పక్కనే నిలబడ్డాను. అంతలో బాలమ్మ పెద్దమ్మ వంటింట్లో గారెలు వేస్తున్న వాసన వచ్చింది. ఒక్కటి తిని వద్దామని వెళ్లి ఏడు తిన్నాను. తిరిగొచ్చేసరికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఆమె అల్లుళ్లు పోతును కోసి గడ్డి అంటించేశారు. వాళ్లకు మాట సంగతి తెలియదు. నేను వెతికి వెతికి పట్టిన తోలు ఎర్రగా కాలి, పసుపు పూసుకుని ఉంది. వెక్కివెక్కి ఏడ్చాను. మధ్యాహ్నం కూర వడ్డిస్తే ఏడుస్తూనే తిన్నాను. బాగుంది. ఏడుస్తూనే మళ్లీ వేయించుకున్నాను.

తాత తిట్టలేదు. తోలు లేని డప్పు చట్రాన్ని మేకుకు తగిలించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాడు పొద్దున్నే బాలమ్మ పెద్దమ్మ చంకలో ఓ పిల్ల పోతుతో వచ్చింది. "మామా, మాట ఇచ్చింది నేను, తప్పింది నా ఇంట్ల. ఇది డప్పుపోతు. ఎవ్వలు కాల్చరు. మేపుడు మాత్రం నీ మనుమరాలే మేపాలె."

ఏడాదంతా బడికి పోయే ముందు రావాకు, సుబాబుల్ కొమ్మలు కోసుకొచ్చాను, పిడుదులు ఏరాను, కంచె వైపు పోనివ్వలేదు. "పేరు పెట్టకు బిడ్డా" అన్నాడు తాత. పెట్టలేదు గానీ, అది నా అడుగుల చప్పుడుకే అరిచేది. మళ్లీ శ్రావణం వచ్చింది. ఈసారి చివరిదాకా కదలకుండా నిలబడ్డాను. ఆ రోజు కూర ముట్టలేకపోయాను.

తోలును బూడిద నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల బంకతో చట్రానికి బిగించి, నీడలో ఆరబెట్టాం. బిగించింది ఎక్కువగా నేనూ బాపూ. ఎందుకంటే ఆ ఏడాదిలోనే తాత చేతులకు వణుకు పట్టింది. దవాఖానలో ఇచ్చిన గోలీలతో తగ్గలేదు. కర్ర వేళ్లలో నిలిచేది కాదు. ఇంత చేశాక ఇక నేర్పేవాళ్లే లేరనుకున్నాను. తాత మాత్రం డప్పును గడ్డిమంటకు కాయించి నా మెడలో వేయించాడు. నా కుడిచేతికి సిర్ర అనే పొట్టి కర్ర, ఎడమచేతికి సన్నటి చిటికెనపుల్ల ఇచ్చి, నా వెనక మంచం మీద కూర్చుని వీపు మీద అరచేతులు ఆనించాడు. "వీపు మీద ఏది పడితే గదే తోలు మీద కొట్టు." కర్ర నిలవని ఆ చేతులు తాళం మాత్రం ఒక్కసారీ తప్పలేదు. డప్పు మాట్లాడింది.

తాత పోయి నాలుగేళ్లయింది. మొక్కుపోతులు ఇప్పుడు బోనాల ముందురోజు ఆటోలో దిగుతున్నాయి. గడ్డిమంట పోయి గ్యాసుమంట వచ్చింది. దొడ్లో ఏడాది పెరిగిన మేక తోలు ఎక్కడా దొరకదు. మటన్ దుకాణంలో పది తోళ్లు తిరగేస్తే ఒకటి పనికొస్తుంది. ఆ ఒక్కటీ చాలు. ఆదివారాలు డప్పు నేర్చుకోవడానికి డాబా మీదికి నలుగురు ఆడపిల్లలు వస్తున్నారు, అందులో ఓనరమ్మ కూతురూ ఉంది. మొన్న మొదటి రోజు ఆ పిల్ల చేతులు చాచి, "అక్కా, డప్పు ఇయ్యవా మరి?" అంది.

"ఇస్త. ముందుగాల అటు తిరిగి కూసో" అన్నాను.