సాంచాల మీది కంప్యూటర్లు

సలాబత్‌పురా వెనక గల్లీలో ఉన్న పాత కంప్యూటర్ల దుకాణానికి మా బాపును వెంటబెట్టుకుని వెళ్లడం నాకు అస్సలు ఇష్టం లేదు. "నలభై ఏండ్లు సాంచాలు బాగుచేసిన మనిషి, మిషన్ ఏదైతే ఏందమ్మా" అని మా బడి పెద్దసారు పట్టుబట్టాడు. సాంచె అంటే మరమగ్గం. దాని మోతకే బాపు చెవులు పోయాయి.

డిండోలిలో వలసొచ్చిన నేతవాళ్ల కోసం పెట్టిన మా తెలుగు బడి ఒక సాంచాల కార్ఖానా పై అంతస్తులో ఉంది. ఆ ఏడు ఎనిమిదో తరగతి ఉంచాలా, మూసేయాలా అన్నది తేలాలి. కంప్యూటర్లు లేని బడి ఎందుకని చాలామంది మగపిల్లలను హిందీ బడులకు మార్చేశారు. ఆడపిల్లలను అంతంత దూరం పంపరు. తరగతి మూతపడితే మిగిలిన పద్నాలుగు మంది పిల్లలూ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించాల్సిందే. వచ్చే శనివారం తల్లిదండ్రులు వచ్చి చూసి తేలుస్తారని బడి నడిపే సంఘం పెద్దలు చెప్పారు. లెక్కల టీచర్నని కంప్యూటర్ల ఎంపిక నా నెత్తిన పడింది.

మా చందాలకు పది వస్తాయి. దుకాణంలో ఒకే ధరకు రెండు రకాలున్నాయి. ఒకటి పెద్ద తెర, నల్లటి మెరుపు, లోపల గిర్రున తిరిగే పాతరకం డిస్కు, దాంట్లో బోలెడంత జాగా. రెండోది గీతలు పడ్డ చిన్న తెర, తిరిగేదేమీ లేని చిప్పు డిస్కు, జాగా తక్కువ. నా కళ్లు మెరిసేవాటి మీదే ఉన్నాయి. చూడ్డానికి వచ్చేవాళ్లకు కావాల్సింది మెరుపే కదా!

బాపు నల్లదాని మీద అరచెయ్యి ఆనించాడు. "లోపల ఏందో తిరుగుతున్నది బిడ్డా. ఒక్కదాన్ని తీస్కపోయి మనకాడ ఒక పాలీ నడిపిద్దాం. మంచిగుంటె మిగతయి కొందం" అన్నాడు. పాలీ అంటే పన్నెండు గంటల షిఫ్టు. పాత సాంచె కొనాలన్నా మావాళ్లు అంతే, తమ చోట నిలబెట్టి ఒక పాలీ నడిపించనిదే బేరం ఖాయం చెయ్యరు.

"ఇది సాంచె కాదు బాపూ!" అని కసిరాను. దుకాణదారు ముసిముసిగా నవ్వుతున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గొంతు బాగా తగ్గించి హిందీలో, "ఆయన మాట పట్టించుకోకండి భాయ్, చెవుడు, ముసలోడైపోయాడు" అన్నాను. బాపు నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. వినపడదన్న ధీమా నాది.

మెరిసేవే పది కొని ఆదివారం బిగించాం. కింద సాంచాలకు సెలవు. పదీ దీపాల్లా వెలిగాయి. సోమవారం కింద మోత మొదలైన రెండో గంటకు ఒకటి బిగుసుకుపోయింది. బుధవారానికి నాలుగు చచ్చాయి, మిగిలిన ఆరూ ఆగుతూ నడుస్తూ చంపుకుతిన్నాయి. కరెంటు అనుకున్నాను, నూలు దుమ్ము అనుకున్నాను. ఆగిపోతున్న ఒకదాన్ని దుకాణానికి మోసుకెళితే అక్కడ భేషుగ్గా నడిచింది. "మాల్ ఏక్‌దమ్ ఓకే ఛే, బెన్" అన్నాడు దుకాణదారు గుజరాతీలో, సరుకులో లోపమేమీ లేదని. వెనక్కి తెచ్చి పెడితే మళ్లీ అదే రోగం.

"టీచర్, శనివారం గూడ గిట్లనే ఆగిపోతయా?" అని ఒక పిల్ల అడిగింది. నోరు మూసుకుని కూర్చోమని గదిమాను. దాని మొహం చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం బాపు నాకు అన్నం డబ్బా తెచ్చాడు. వచ్చినవాడు బల్ల మీద చెయ్యి పెట్టి, "అదురుతున్నది" అన్నాడు.

"ఏడ అదురుతున్నది బాపూ?" నాకేమీ తెలియలేదు. కార్ఖానా మీదే పుట్టి పెరిగినదాన్ని. మా బడిలో బల్ల మీద పెట్టిన పెన్సిలు నిలవదు, పిల్లలు దాన్ని పుస్తకం మడతలో దూర్చుకుంటారు. పెన్సిళ్లంటేనే అంత అనుకున్నాం ఇన్నేళ్లూ.

బాపు కిందికి దిగాడు. నేనూ వెంట వెళ్లాను. చెవులు చిల్లులు పడే మోత. ఆయన గుమ్మంలోంచే ఉత్త పెదవులు కదిలించాడు. అటు చివరి మేస్త్రీ కూడా చప్పుడు లేకుండానే ఏదో జవాబిచ్చి సాంచాలన్నీ ఆపించాడు. సాంచాల దగ్గర మాటలన్నీ పెదవులతోనే. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అప్పుడు తట్టింది. ఆ రోజు దుకాణంలో బాపు నా మొహమే చూస్తూ ఉన్నాడు, నా పెదవులనే.

ఒక్కసారిగా నేల కదలడం మానేసింది. చివరి మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు ఒళ్లు తూలింది. పైకొచ్చి చూస్తే ఆగిపోయిన కంప్యూటరు హాయిగా నడుస్తోంది. సాంచాలు మళ్లీ మొదలయ్యాక కాసేపటికి ఆగింది.

"తిరిగేదానికి అదురు పడదు. తిరగనియి ఆడ ఉండె గద?" అన్నాడు బాపు.

శనివారం పొద్దున్నే దుకాణం తెరవకముందే వెళ్లి నిలబడ్డాం. ఎంత బతిమాలినా, ఎంత కొట్లాడినా అతను నడిచే ఆరింటికి బదులు ఆరు గీతలవాటినే ఇచ్చాడు. చచ్చిన నాలుగూ నాకెందుకన్నాడు. అదీ న్యాయమే, తప్పు నాదే.

సాయంత్రం తల్లిదండ్రులు వచ్చారు. కింద సాంచాలు నడుస్తూనే ఉన్నాయి, ఆపొద్దని నేనే చెప్పాను. ఒక్కోదాని ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు.

"పది అన్నరు గద, ఆరేనా? గీ గీతలేంది?" అన్నాడొక తండ్రి.

"నేను మెరుపు చూసి మోసపోయిన అన్నా. మా బాపు వద్దన్నడు, ఇనలే. ఇవి ఆయన చెప్పినయి" అన్నాను అందరూ వినేలా.

అతను తన కూతురి పక్కన బల్ల మీద అరచెయ్యి ఆనించి, అదురు చూశాడు, తెర చూశాడు. తెర మీద కూతురు తన పేరు టైపు చేసుకుంటూ పోతోంది.

"నడుస్తున్నయి. తరగతి ఉండనియ్యుండ్రి" అన్నాడు చివరికి. మిగతావాళ్లూ తలలూపారు. మొన్న గదిమించుకున్న పిల్ల నా కొంగు పట్టుకుని గెంతింది.

అవతలి గోడ దగ్గర బాపు ఒక్కడే నిలబడి ఉన్నాడు. అంతమందిలోంచి ఆయన వైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులు కదిలించాను. "తప్పైంది బాపూ. దుకాణంల అన్న మాట."

ఆయన పెదవులు నిదానంగా కదిలాయి. "చెవుడన్నది నిజమే గద బిడ్డా. ముసలోడన్నవు సూడు, గదే జర కష్టమైంది."